జహీరాబాద్‌లో పుట్టిన జపాన్ బండి: ఆల్విన్ నిస్సాన్ కథ

న్యూస్ యాప్‌లో మీరు రోజూ చూసే మాటతో మొదలుపెడతా. "డీసీఎం ఢీకొని యువకుడికి గాయాలు", "అదుపు తప్పి డీసీఎం బోల్తా". ఇల్లు ఖాళీ చేయాలన్నా అంతే, "ఒక డీసీఎం మాట్లాడు రా" అంటాం. మరి ఈ డీసీఎం అంటే ఏంటి? మా గల్లీలో అడిగితే ఒక తమ్ముడు "డీజిల్ క్యారియర్ మోటర్ అన్నా" అని మస్తు కాన్ఫిడెంట్‌గా చెప్పాడు.

కాదు. అది బట్టల మిల్లు పేరు. ఢిల్లీ క్లాత్ మిల్స్. 1889లో పెట్టిన మిల్లు అది. ఆ గ్రూపు వాళ్ళు 1980లలో జపాన్ టొయోటాతో కలిసి ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో చిన్న లారీలు చేశారు. కంపెనీ పేరు డీసీఎం టొయోటా. తర్వాత టొయోటా పోయి కొరియా దేవూ వచ్చింది, చివరికి దేవూ కూడా మునిగింది. కంపెనీ పోయి ఇన్నేళ్ళయినా పేరు మాత్రం మన నోట్లో ఉండిపోయింది. రోడ్డు మీద వెళ్ళేది ఐషర్ అయినా, టాటా అయినా మనకు డీసీఎమ్మే.

ఎక్కడో ఢిల్లీ బండి పేరు మనం ఇంకా పలుకుతున్నాం. కానీ అదే టైంలో, అదే జపాన్ టెక్నాలజీతో, మన హైదరాబాద్ కంపెనీ మన జహీరాబాద్‌లో ఒక బండి చేసింది. దాని పేరు ఎంతమందికి తెలుసు? ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్. ఈ ఎపిసోడ్ దాని గురించే. దాంతోపాటు మా లాలాపేట్‌లో ఒక షెడ్డు కింద నిలబడి ఉన్న ఒక క్యాబ్‌స్టార్ గురించి, దాని ఇంజిన్ మీద మా ఇంట్లో జరిగిన పంచాయతీ గురించి కూడా చెప్తా.

ముందు ఆల్విన్ సంగతి. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా మీకు తెలిసే ఉంటాయి. క్యాబ్ బుకింగ్‌లో పేరు కొడుతుంటారు కదా, ఆ ఆల్విన్ ఇదే. 1942లో, నిజాం కాలంలో, నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి, అల్లాదీన్ కుటుంబ సంస్థ కలిసి పెట్టిన ఆల్విన్ మెటల్ వర్క్స్. సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ. ఆ తర్వాత అది రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ అయింది. ఏం చేసేవాళ్ళు అని అడగకండి, ఏం చేయలేదు అని అడగండి. బస్సు బాడీలు, మన పాత డబుల్ డెక్కర్ బస్సులతో సహా. ఫ్రిజ్‌లు. జపాన్ సీకో కంపెనీ టెక్నాలజీతో చేతి గడియారాలు. పుష్పక్ అని ఒక స్కూటర్. మీ అమ్మమ్మ వాళ్ళింట్లో గుండ్రటి మూలల పాత ఫ్రిజ్ ఉంటే డోర్ మీద పేరు చూడండి, ఆల్విన్ అని ఉండే చాన్స్ గట్టిగానే ఉంది.

ఇక 1980లకు వద్దాం. 1983 డిసెంబర్‌లో సుజుకీ టెక్నాలజీతో మారుతి 800 వచ్చింది. ఆ కథ అందరికీ తెలుసు. దాని పక్కనే జరిగిన రెండో కథ లారీలది. చిన్న సైజు సరుకు బండ్లు చేయడానికి నాలుగు జపాన్ కంపెనీలతో నాలుగు జోడీలు కుదిరాయి. సూరజ్‌పూర్‌లో టొయోటా. పంజాబ్‌లో స్వరాజ్ మజ్దా. మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో ఐషర్ మిత్సుబిషి. నాలుగోది మనది, ఆల్విన్ నిస్సాన్. హైదరాబాద్ నుంచి ముంబై రోడ్డు పట్టుకుంటే దాదాపు 100 కిలోమీటర్లు, అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్.

ఇక్కడ ఒక చిన్న మాట. పికప్ అనగానే మీ కళ్ళ ముందు ముక్కు ఉన్న బండి వస్తుంది, హైలక్స్ లాగా, డాట్సన్ లాగా. క్యాబ్‌స్టార్‌కు ముక్కు లేదు. ఇంజిన్ సీట్ల కింద ఉంటుంది, డ్రైవర్ దాని మీద కూర్చుంటాడు. జపాన్‌లో ఇదే బండిని అట్లాస్ అని అమ్మేవాళ్ళు. గల్లీల్లో తిప్పుకోవడానికి ఇదే బాగుంటుంది. ఎండాకాలం మాత్రం డ్రైవర్ కాళ్ళు ఉడుకుతాయి. ముక్కున్న జపాన్ పికప్‌లు మన తెలుగు నేల మీద తయారవ్వాలంటే 2016 దాకా ఆగాల్సి వచ్చింది. శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ వచ్చాక డీ-మ్యాక్స్ అక్కడ చేయడం మొదలైంది. హైలక్స్ అయితే ఇండియాలో అమ్మకానికి వచ్చిందే 2022లో.

సరే, మరి జహీరాబాద్ బండికి ఏమైంది? బండి మంచిదే. స్టీరింగ్ తేలిక, గేర్లు మెత్తన, క్యాబిన్‌లో కారులో కూర్చున్నట్టు ఉండేదని నడిపినవాళ్ళంతా ఒకే మాట చెప్తారు. దెబ్బ ఇంకెక్కడి నుంచో వచ్చింది.

1985 సెప్టెంబర్ 22న న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్‌లో ఐదు దేశాల ఆర్థిక మంత్రులు కూర్చున్నారు. అమెరికా, జపాన్, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్. డాలర్ విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నారు. అప్పటికి ఒక డాలర్ అంటే సుమారు 240 యెన్లు. 1987 చివరికి సుమారు 120. అంటే రెండేళ్ళు తిరిగేసరికి యెన్ ధర డబుల్. ఇప్పుడు జహీరాబాద్‌లో కూర్చుని ఆలోచించండి. మీ బండిలో చాలా పార్టులు ఇంకా జపాన్ నుంచి డబ్బాల్లో వస్తున్నాయి. ఇక్కడే చేసుకోవడం మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవాలన్నది ప్లాన్. ఈలోపే డబ్బా ధర రెండింతలైంది. మీరు ఏ తప్పూ చేయలేదు, జపాన్ వాడూ చేయలేదు. ఎక్కడో హోటల్‌లో సంతకం పడింది, మెదక్ జిల్లాలో లారీ రేటు పెరిగింది. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా తగిలే ముక్క ఇదే.

అదే టైంలో, 1986లో, టాటా వాళ్ళు 407 దించారు. జపాన్ పార్టనర్ లేడు, యెన్ గొడవ లేదు. బండి మొరటు, శబ్దం ఎక్కువ. కానీ ఏ ఊళ్ళో ఆగినా ఆ ఊళ్ళోనే బాగవుతుంది. లారీ కొనేవాడికి కావాల్సింది అదే కదా. పార్టు కోసం వారం ఆగితే వారం కిస్తీ ఎవరు కడతారు?

నాలుగు జోడీల్లో ఐషర్, స్వరాజ్ నిలబడ్డాయి. మన ఆల్విన్ నిస్సాన్ 1980ల చివర్లో మహీంద్రా చేతికి వెళ్ళింది. కొన్నాళ్ళు మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అని పేరు పెట్టుకుని, 1990లలో మహీంద్రాలో కలిసిపోయింది. జహీరాబాద్ ఫ్యాక్టరీ ఇప్పటికీ నడుస్తోంది, మహీంద్రా ట్రాక్టర్లు కూడా అక్కడ తయారవుతాయి. ఆ తర్వాత వచ్చిన మహీంద్రా లోడ్‌కింగ్ ఫోటో తీసి క్యాబ్‌స్టార్ ఫోటో పక్కన పెట్టి చూడండి. ముఖం అదే. లోపల మాత్రం మహీంద్రా సొంత డీఐ డీజిల్ ఇంజిన్. అంటే ఈ జపాన్ బాడీలో ఇంజిన్ మార్చడం అనే పని మెకానిక్ షెడ్డుల్లోనే కాదు, ఫ్యాక్టరీలోనే జరిగింది.

ఇంజిన్ మార్పిడి మన దగ్గర సరదా పని కాదు, ఎప్పుడూ కాదు. విదేశీ వీడియోల్లో పాత డాట్సన్‌లో పెద్ద ఇంజిన్ పెట్టి బర్నౌట్లు కొడతారు. మన దగ్గర ఇంజిన్ ఎందుకు మార్చారంటే పార్టు దొరక్క, లేదా పెట్రోల్ పోయలేక. జబల్‌పూర్ మిలిటరీ ఫ్యాక్టరీలో నిస్సాన్ లైసెన్స్‌తో చేసిన జోంగాలు, వన్ టన్ పికప్‌లు గుర్తున్నాయా? ధోనీ ఒకటి కొన్నాడని వైరల్ అయింది. వాటిలో ఉండేది ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్, 3956 సీసీ. ఆర్మీ వేలంలో కొన్నవాళ్ళు ఆ ఇంజిన్‌కు పెట్రోల్ పోయలేక డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. అంబాసిడర్లలో, జీపుల్లో కూడా ఇదే జరిగింది.

ఆ పనికి మా ఏరియా బాగా అచ్చొచ్చింది. లాలాపేట్ మ్యాప్ తీయండి. ఒక పక్క లాలాగూడ రైల్వే కారేజ్ వర్క్‌షాప్, నిజాం రైల్వే కాలం నాటిది. ఇంకో పక్క మౌలాలి. అక్కడ ఒకప్పుడు ఇండో-నిప్పాన్ బేరింగ్స్ అని జపాన్ టెక్నాలజీతోనే పెట్టిన ఫ్యాక్టరీ ఉండేది. తర్వాత హెచ్‌ఎంటీ బేరింగ్స్ అయింది, 2016లో కేంద్రం మూసేయాలని నిర్ణయించింది. మూడో పక్క నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాలు. ఇంతమంది ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్న చోట ఒక షాఫ్ట్ కోసి అతికించాలంటే ఎక్కువ దూరం పోనక్కర్లేదు.

ఇక మా ఇంటి బండి. మా పెదనాన్న 1987లో అప్పు చేసి క్యాబ్‌స్టార్ కొన్నాడు. నాచారం కంపెనీల సరుకు తోలేవాడు. అప్పట్లో నంబర్ ప్లేట్లు "ఏ"తో మొదలయ్యే మూడక్షరాల సిరీస్. ఏపీ 9, ఏపీ 29 అన్నీ తర్వాత వచ్చినవి. ఏడెనిమిదేళ్ళు బాగా నడిచింది. తర్వాత ఇంజిన్ పనికొచ్చింది. ఒకసారి బోర్ కట్టించారు, మళ్ళీ పోయింది. సామాను కోసం రాణీగంజ్ అంతా తిరిగారు. దొరికితే రేటు భరించేలా లేదు. 1996లో మా ఉస్తాద్, అప్పటికి ఆయన కుర్రాడే, ఒక మాట అన్నాడట: "సేట్, దీని ముఖం ఉంచుకుందాం, గుండె మార్చేద్దాం."

పెట్టింది ఏ ఇంజినో తెలుసా? టాటా 407 ఇంజిన్. క్యాబ్‌స్టార్‌ను మార్కెట్లో ఓడించిన బండి ఇంజిన్‌నే తీసుకొచ్చి క్యాబ్‌స్టార్‌లో పెట్టారు.

దాని పేరు 497. పేరులోనే లెక్క ఉంది, 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోర్. స్ట్రోక్ 100 మిల్లీమీటర్లు. గుణించి చూసుకోండి, 2956 సీసీ వస్తుంది. ఆ కాలం నిస్సాన్ డీజిల్స్ ఎలా ఉండేవో పోల్చాలంటే ఎస్‌డీ25 చూడండి, అమెరికాలో డాట్సన్ 720 పికప్‌లో వచ్చింది. 89 బోర్, 100 స్ట్రోక్, 2488 సీసీ. టైమింగ్ బెల్టు లేదు, గేర్లే. తెగిపోయేది ఏమీ లేదు కాబట్టి ప్రపంచమంతా దాన్ని మొండి ఇంజిన్ అంటారు. అంత మొండి ఇంజిన్‌కైనా రింగులు, బేరింగులు టైంకి దొరకాలి కదా.

మార్పిడి ఎట్లా చేశారో ఉస్తాద్ నోటితో విన్నాను, అందులో మూడు ముక్కలు చెప్తా. మొదటిది, ఇంజిన్ ఒక్కటే పెట్టలేదు. ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ మొత్తం సెట్టుగా 407దే ఎక్కించారు. టాటా ఇంజిన్‌కు నిస్సాన్ గేర్‌బాక్స్ బోల్టులు కలవవు. మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించాలి, అది వెంట్రుకవాసి పక్కకు పోయినా క్లచ్ షాఫ్ట్ బేరింగ్ తింటుంది. సెట్టుగా పెడితే ఆ గొడవ లేదు. రెండోది ఫౌండేషన్, అంటే ఇంజిన్ కూర్చునే బ్రాకెట్లు. ఛాసిస్‌కు కొత్తగా వెల్డింగ్ చేసి, రబ్బర్లు వేసి కూర్చోబెట్టారు. ఇక్కడ ఇంజిన్ వంపు తేడా వస్తే వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం తేడా వస్తుంది, క్రాస్‌లు నెలకొకసారి పోతాయి. మూడోది ఆ షాఫ్టే. గేర్‌బాక్స్ పొడవు మారింది కాబట్టి షాఫ్ట్‌ను కోసి, లేత్ మీద అతికించి, బ్యాలెన్స్ చేయించారు. రేడియేటర్ పెద్దది పెట్టడం, గేర్ రాడ్లు వంచడం లాంటివి ఇంకా ఉన్నాయి కానీ వాటికే ఒక ఎపిసోడ్ పడుతుంది. ఒకటి మాత్రం చెప్పాలి. స్పీడోమీటర్ ఆ తర్వాత ఎప్పుడూ నిజం చెప్పలేదు. పెదనాన్న 40 చూపిస్తే 50 అనుకునేవాడు.

అట్లా ఇంకో 13 ఏళ్ళు నడిచింది. 2009లో పెదనాన్న మోకాళ్ళు సహకరించక ఆపేశారు. అప్పటి నుంచి షెడ్డులో ఉంది.

ఇప్పుడు పంచాయతీ. మా అన్న, అంటే పెదనాన్న కొడుకు, బండిని మళ్ళీ రోడ్డెక్కిద్దాం అన్నాడు. పెదనాన్నకు 78 దాటాయి, ఆయన ఉండగానే ఒక్కసారి ఆ సీట్లో కూర్చోబెట్టి నాచారం చుట్టూ తిప్పాలని. నాకూ మనసైంది. కానీ అన్న పట్టు ఏంటంటే, రీస్టోర్ చేస్తే ఒరిజినల్‌గానే చేయాలి. టాటా ఇంజిన్ దించాలి, నిస్సాన్ డీజిల్ ఎక్కించాలి. ఎక్కడో పాత ఇనుప సామాన్లలో ఒక నిస్సాన్ ఇంజిన్ పట్టుకున్నాడు కూడా. ఉస్తాద్ ఒప్పుకోలేదు. "నిస్సాన్ తొమ్మిదేళ్ళు కూడా నడవలే. టాటా 13 ఏళ్ళు నడిచింది. మీ చదువుల ఫీజులు కట్టింది ఏ ఇంజిన్?" అని అడిగాడు. అన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఈలోపు రూల్స్ చూశాం. ఇవి మీలో చాలామందికి పనికొస్తాయి, జాగ్రత్తగా వినండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. మొదట్లో ఆర్టీఏకు చెప్పి, అనుమతి తీసుకుని, ఆర్సీలో రాయించుకుని మార్పులు చేసుకునే దారి ఉండేది. 2000లో ఆ సెక్షన్‌ను మార్చారు. తయారీదారు చెప్పిన వివరాలకు, ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు అని గట్టిగా రాశారు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చి చెప్పింది. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ పాతదాని బదులు పెట్టుకోవడం వేరు, దానికి అనుమతి దారి ఉంది. బ్యాటరీ, సీఎన్‌జీ, ఎల్‌పీజీ లాంటివాటికి ఆమోదం పొందిన కిట్లు పెట్టుకోవడానికీ చట్టంలోనే చోటుంది. కానీ మీకు నచ్చిన వేరే కంపెనీ ఇంజిన్ తెచ్చి పెట్టి రోడ్డు మీద తిరుగుతా అంటే కుదరదు. రీల్స్‌లో చూసి చేయించుకోకండి. యాక్సిడెంట్ జరిగిన రోజు ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చూసేది ఇదే.

వింటేజ్ అని తప్పించుకోవచ్చా అని అడుగుతారు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం బండికి 50 ఏళ్ళు నిండాలి, సొంత వాడకం బండి అయ్యుండాలి, కమర్షియల్‌వి రావు. అసలు రూపం మార్చకూడదు. మా బండి మొదటి రెండు చోట్లా ఫెయిల్. ఇంకో అపోహ, 15 ఏళ్ళు దాటితే తుక్కే అని. ఢిల్లీ లెక్క వేరు, మన దగ్గర ప్రైవేటు యజమానికి అట్లాంటి బలవంతం లేదు. ఫిట్‌నెస్ పాస్ కావాలి, అంతే. ఆ "అంతే" చిన్నది కాదనుకోండి.

రూల్స్ చదివాక అన్న గెలిచినట్టే అనిపించింది. నిస్సాన్ పెడితేనే లీగల్, టాటా ఉంటే అక్రమం. ఉస్తాద్ మొహం మాడిపోయింది. అప్పుడు పెదనాన్న లోపలికెళ్ళి బీరువాలోంచి పాత ఆర్సీ బుక్కు తెచ్చాడు. స్మార్ట్ కార్డు కాదు, బట్ట అట్ట ఉన్న పుస్తకం. వెనక పేజీలో 1996 తారీఖుతో పాత ఇంజిన్ నంబర్ కొట్టేసి, కొత్త నంబర్ రాసి, ఆర్టీఏ రౌండు సీలు, పచ్చ ఇంకు సంతకం. ఆ రోజుల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి పెట్టి, పెన్సిల్ ప్రింట్ తీయించి, పద్ధతిగా రాయించుకున్నాడు మనిషి. ఏడో తరగతి చదివిన పెదనాన్న.

అంటే చూడండి, కాగితం మీద ఈ క్యాబ్‌స్టార్ ఇంజిన్ టాటాదే. ఇప్పుడు నిస్సాన్ ఎక్కిస్తే ఆర్సీకి తేడా వచ్చేది దానితోనే. ఒరిజినల్ అని అన్న అంటున్నది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుది. ఆర్సీ అంటున్నది 1996 నాటిది. నన్నడిగితే నేను ఆర్సీ వైపే. ఈ బండి చరిత్ర ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోలేదు కదా. యెన్ పెరగడం, సామాను దొరక్కపోవడం, ఉస్తాద్ వెల్డింగ్, అన్నీ అందులోనే ఉన్నాయి. టాటా ఇంజిన్ తీసేస్తే షోకేస్ బొమ్మ అందంగా ఉంటుంది, పెదనాన్న బండి మాత్రం పోతుంది. అన్న రెండు వారాలు నాతో సరిగ్గా మాట్లాడలేదు, అది వేరే విషయం.

ప్రస్తుతం పని ఎక్కడుందంటే, 497ను దించి విప్పారు. క్రాంక్ బాగానే ఉంది, హెడ్ ఫేసింగ్ చేయించారు. బోర్ కోసం బ్లాక్ నాచారంలో లేత్ షాపులో ఉంది. దాని సామాను రాణీగంజ్‌లో ఒక్క పూటలో దొరికింది, ఉస్తాద్ ఆ బిల్లు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు, ఏమీ మాట్లాడకుండా. క్యాబిన్ ఫ్లోర్ తుప్పు పట్టి పోయింది, టింకరింగ్ నడుస్తోంది. కమాన్ కట్టలు విప్పి కొత్త ఆకులు వేయాలి. బ్రేక్ పైపులన్నీ కొత్తవే, అక్కడ పాతది ఒక్కటి కూడా ఉంచొద్దని నేనే పట్టుబట్టాను. ముందు గ్రిల్ మీద ఆల్విన్ నిస్సాన్ అక్షరాల్లో రెండు ఊడిపోయాయి. మిగిలినవాటిని అచ్చు చూసుకుని అన్న వాటిని పోత పోయిస్తున్నాడు. నిస్సాన్ ఇంజిన్‌ను కడిగి, ఆయిల్ పట్టించి, స్టాండు మీద షెడ్డు మూలన పెట్టాం. అమ్మనని అన్నాడు. ఉప్పల్ ఆర్టీఏలో ఫిట్‌నెస్‌కు పెట్టే ముందు లైట్లు, వైపర్లు, రిఫ్లెక్టర్ స్టిక్కర్లు ఉన్నాయి ఇంకా. పెదనాన్న మాత్రం స్పీడోమీటర్ బాగుచేయొద్దు అంటున్నాడు, 40 అంటే 50 అని తనకు తెలుసట. అది ఒప్పుకోలేం, కేబుల్ గేరు మార్చి లెక్క సరిచేయమని ఉస్తాద్‌కు చెప్పాం.